స్కోప్‌లో ఎఫ్ఎఫ్‌టీ: లేని గీతల్ని నమ్మకుండా స్పెక్ట్రమ్ కొలవడం ఎలా?

ఆసిలోస్కోప్‌లో మ్యాథ్ బటన్ నొక్కి ఎఫ్ఎఫ్‌టీ (ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్) ఎంచుకుంటే చాలు, తెర మీదికి స్పెక్ట్రమ్, అంటే సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే గీతల బొమ్మ, వచ్చేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. సెట్టింగులు సరిగ్గా ఉన్నా వస్తుంది, తప్పుగా ఉన్నా వస్తుంది. వేవ్‌ఫామ్‌లో తేడా ఉంటే ట్రిగ్గర్ నిలవదు, ఆకారం వంకరగా కనిపిస్తుంది, మనకే అనుమానం వస్తుంది. స్పెక్ట్రమ్ అలా పట్టివ్వదు. సిగ్నల్‌లో లేని గీతను కూడా ఉన్నదానంత ధీమాగా నిలబెడుతుంది.

కాబట్టి గణితం జోలికి అవసరమైనంత వరకే వెళ్దాం. స్కోప్ ముందు కూర్చున్నాక ఏ వరసలో ఏమేం చూసుకోవాలి, అనుమానం వచ్చిన గీత అసలుదో నకిలీదో ఎలా తేల్చుకోవాలి అన్నదే ఇక్కడ విషయం.

1. ముందు వేవ్‌ఫామ్ సంగతి చూడండి

ఎఫ్ఎఫ్‌టీకి ముడిసరుకు వేవ్‌ఫామే. అది పాడైతే ఆపైన ఎంత మంచి విండో (రికార్డు చివర్లను సర్దే లెక్క, నాలుగో అంచెలో చూద్దాం) పెట్టినా లాభం లేదు.

మొదట ప్రోబ్. ప్రోబ్ మీద స్విచ్ 10ఎక్స్ దగ్గర, ఛానెల్ మెనూలో 1ఎక్స్ దగ్గర ఉంటే లెవెళ్లన్నీ ఒక్కసారిగా 20 డీబీ తప్పుతాయి. ప్రోబ్ కాంపెన్సేషన్ (ప్రోబ్ స్క్రూతో చేసే సర్దుబాటు) కూడా ఇప్పుడే సరిచేసుకోండి. అది తప్పితే కొన్ని కిలోహెర్ట్జ్‌ల పైనుంచి ప్రతి గీతా ఎక్కువగానో తక్కువగానో చూపిస్తుంది. 1ఎక్స్‌లో పెడితే చాలా ప్రోబ్‌ల బ్యాండ్‌విడ్త్ 10 మెగాహెర్ట్జ్‌ల లోపుకి పడిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

తర్వాత వోల్ట్స్ పర్ డివిజన్. సిగ్నల్ నిలువునా 6, 7 డివిజన్లు నిండేలా పెట్టండి. 8 బిట్ల స్కోప్‌లో నిలువు మొత్తానికి ఉన్నవి 256 మెట్లే. సిగ్నల్‌ని ఒక్క డివిజన్‌కి కుదిస్తే దానికి దక్కేవి ముప్పై చిల్లర మెట్లు. ఎత్తు సగమైన ప్రతిసారీ 6 డీబీ డైనమిక్ రేంజ్ చేజారుతుంది.

అలాగని తెర దాటనివ్వకూడదు. దాటిన భాగాన్ని ఏడీసీ (వోల్టేజ్‌ని అంకెలుగా మార్చే భాగం) నరికేస్తుంది, ఆ నరికిన చోటు నుంచి హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్లలో వచ్చే గీతలు) పుట్టుకొస్తాయి. స్పెక్ట్రమ్‌కి చోటు ఖాళీ చేద్దామని పొజిషన్ నాబ్‌తో వేవ్‌ఫామ్‌ని పైకి నెట్టేయడం చాలామందికి అలవాటు. తెరలోంచి బయటికి పోయిన ముక్క చాలా స్కోప్‌లలో లెక్కలోంచి కూడా పోతుంది. అప్పుడు శుభ్రమైన సైన్ వేవ్‌కి కూడా రెండో హార్మోనిక్, మూడో హార్మోనిక్ వరసగా లేచి నిలబడతాయి. చోటు కావాలంటే వేవ్‌ఫామ్‌ని తెర మీద కనిపించకుండా చేసే ఆప్షన్ ఉందేమో చూడండి. దాన్ని మాత్రం కదపకండి.

అక్విజిషన్ మోడ్ మామూలు శాంపిల్ మోడ్‌లోనే ఉండాలి. పీక్ డిటెక్ట్, ఎన్వలప్ మోడ్‌లలో శాంపిళ్లు సమాన దూరంలో తీసినవి కావు. వాటి మీద చేసిన ఎఫ్ఎఫ్‌టీకి అర్థం లేదు. హై రిజల్యూషన్ మోడ్ ఫరవాలేదు గానీ, అది పై ఫ్రీక్వెన్సీలను కొంత తినేస్తుంది.

2. రెండు గీతల మధ్య ఎంత దూరం చూడాలో తేల్చుకోండి

టైమ్‌బేస్ నాబ్ ముట్టుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. ఎఫ్ఎఫ్‌టీ ఫ్రీక్వెన్సీలను బిన్‌లనే సమానమైన గడులుగా విడగొడుతుంది. పక్కపక్క బిన్‌ల మధ్య దూరం అంటే, 1ని రికార్డు సమయంతో భాగిస్తే వచ్చేది. 1 మిల్లీసెకను రికార్డు తీస్తే బిన్ 1 కిలోహెర్ట్జ్. 100 మిల్లీసెకన్లు తీస్తే 10 హెర్ట్జ్. శాంప్లింగ్ రేటు ఎంత పెంచినా ఇది మారదు. సన్నగా విడదీయాలంటే ఎక్కువ సేపు చూడాల్సిందే.

ఇక్కడ జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే. వేవ్‌ఫామ్ అందంగా కనపడాలని రెండు మూడు సైకిళ్లు మాత్రమే తెర మీద ఉంచి ఎఫ్ఎఫ్‌టీ ఆన్ చేస్తారు. మూడు సైకిళ్ల రికార్డులో ఫండమెంటల్ (సిగ్నల్ అసలు ఫ్రీక్వెన్సీ) మూడో బిన్‌లో పడుతుంది. విండో వేశాక అది గీతలా కాక గుట్టలా కనిపిస్తుంది. ఎఫ్ఎఫ్‌టీ కోసం టైమ్‌బేస్ పెట్టినప్పుడు వేవ్‌ఫామ్ కళ్లకి ఒక రంగు పట్టీలాగా కనిపిస్తే కంగారు పడకండి. అదే మంచిది.

హ్యాన్ విండో వాడితే ఒక్కో గీత నాలుగు బిన్‌ల వెడల్పు ఉంటుంది. పెద్ద గీత పక్కన చిన్న గీతను చూడాలంటే వాటి దూరంలో నాలుగో వంతు కన్నా బిన్ పెద్దది కాకుండా చూసుకోండి. స్పెక్ట్రమ్‌ని జూమ్ చేస్తే బొమ్మ పెద్దదవుతుందే తప్ప బిన్ చిన్నదవదు. కొన్ని కొత్త స్కోప్‌లలో స్పెక్ట్రమ్‌కి విడిగా సెంటర్, స్పాన్, రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్ అని కంట్రోళ్లు ఉంటాయి. అవి ఉంటే టైమ్‌బేస్‌తో ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

3. ఎఫ్ఎఫ్‌టీ వాడుతున్న శాంప్లింగ్ రేటు కనుక్కోండి

తెర మీద కనిపించే శాంప్లింగ్ రేటు అని రాయలేదు, గమనించండి. ఆ రెండూ ఒకటి కాకపోవచ్చు. ఈ తేడా దగ్గరే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. అందుకే దీన్ని కాస్త నిదానంగా చూద్దాం.

65 కిలోహెర్ట్జ్‌ల దగ్గర స్విచ్ అయ్యే ఒక పవర్ సప్లై ఉంది అనుకోండి. మెయిన్స్ రిపుల్ ఆ స్విచింగ్‌ని ఎంత మాడ్యులేట్ చేస్తోందో చూడాలి. మెయిన్స్ 50 హెర్ట్జ్ అయితే రెక్టిఫయర్ తర్వాత రిపుల్ 100 హెర్ట్జ్. అంటే 65 కిలోహెర్ట్జ్ గీతకి అటూ ఇటూ 100 హెర్ట్జ్ దూరంలో సైడ్‌బ్యాండ్‌లు వెతకాలి. బిన్ 25 హెర్ట్జ్ లోపు కావాలి కాబట్టి డివిజన్‌కి 5 మిల్లీసెకన్లు పెడతాం. పది డివిజన్లకి 50 మిల్లీసెకన్లు, బిన్ 20 హెర్ట్జ్. మెమరీ 10 లక్షల పాయింట్లు ఉంటే శాంప్లింగ్ రేటు సెకనుకి 2 కోట్లు. అంతా బాగానే ఉంది.

ఇప్పుడు ఆ స్కోప్ ఎఫ్ఎఫ్‌టీకి 10 లక్షల పాయింట్లూ వాడకుండా, వాటిలోంచి సమాన దూరంలో 16,384 పాయింట్లు మాత్రమే ఏరుకుంటుందనుకోండి. చవక మోడళ్లలో ఇలాంటి పరిమితి ఉండటం మామూలే. 16,384ని 50 మిల్లీసెకన్లతో భాగిస్తే సెకనుకి 3,27,680 శాంపిళ్లు. తెర మూల మాత్రం దర్జాగా 20 మెగాశాంపిళ్లు అనే చూపిస్తుంటుంది. నిజానికి ఎఫ్ఎఫ్‌టీ హద్దు ఆ 3,27,680లో సగం, అంటే 163.84 కిలోహెర్ట్జ్. ఏరేముందు స్కోప్ ఫిల్టర్ చేయకపోతే, ఆ పైనున్న హార్మోనిక్స్ అన్నీ మడతపడి కిందికి దిగుతాయి.

ఏది ఎక్కడ దిగుతుందో లెక్క వేయండి. ఐదో హార్మోనిక్ 325 కిలోహెర్ట్జ్, 327.68లోంచి తీసేస్తే 2.68 కిలోహెర్ట్జ్ దగ్గర తేలుతుంది. నాలుగోది 260, అది 67.68 దగ్గర. ఆరోది 390, అది 62.32 దగ్గర. అంటే 65 కిలోహెర్ట్జ్ గీతకి అటొకటి, ఇటొకటి, సరిగ్గా 2.68 కిలోహెర్ట్జ్ దూరంలో! మూడోదీ ఏడోదీ 132.68, 127.32 దగ్గర చేరి, 130 కిలోహెర్ట్జ్‌ల రెండో హార్మోనిక్‌కి కూడా అలాంటి జతనే తగిలిస్తాయి. చూసినవాళ్లెవరైనా ఫీడ్‌బ్యాక్ లూప్ 2.68 కిలోహెర్ట్జ్‌ల దగ్గర ఊగుతోందని ఒట్టేసి చెబుతారు. ఆ నమ్మకంతో కాంపెన్సేషన్ కెపాసిటర్లు మార్చడం మొదలుపెడితే ఆ రోజు పని అయినట్టే. లూప్‌కి ఏ జబ్బూ లేదు.

దీన్ని పట్టుకోవడానికి మూడు దారులున్నాయి.

ఒకటి, స్పెక్ట్రమ్‌ని పూర్తి స్పాన్‌కి తెరిచి కుడి చివర ఫ్రీక్వెన్సీ చూడండి. దాన్ని రెట్టింపు చేస్తే ఎఫ్ఎఫ్‌టీ అసలు శాంప్లింగ్ రేటు దొరుకుతుంది. 20 మెగాశాంపిళ్లకి కుడి చివర 10 మెగాహెర్ట్జ్ ఉండాలి. 164 కిలోహెర్ట్జ్‌ల దగ్గరే ఆగిపోతే సంగతి అర్థమైనట్టే. కొన్ని మోడళ్లలో పూర్తి స్పాన్ ఇలా తెలియనివ్వకపోవచ్చు, అప్పుడు మాన్యువల్‌లో ఎఫ్ఎఫ్‌టీ పాయింట్లు ఎన్నో వెతకండి.

రెండు, టైమ్‌బేస్ ఒక మెట్టు అటో ఇటో మార్చండి. నిజమైన గీత తన ఫ్రీక్వెన్సీ దగ్గరే ఉంటుంది. మడతపడ్డ గీత వేరే చోటికి గెంతుతుంది. ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు. ఏ కొత్త గీత కనపడినా ఇది చేయకుండా నోట్‌బుక్‌లో రాసుకోకండి.

మూడు, సిగ్నల్ ఫ్రీక్వెన్సీనే కొంచెం కదిపే వీలుంటే కదపండి. స్విచింగ్ 100 హెర్ట్జ్ పెరిగితే నిజమైన సైడ్‌బ్యాండ్ కూడా 100 హెర్ట్జ్ పెరుగుతుంది. 67.68 దగ్గరున్న నకిలీది 400 హెర్ట్జ్ వెనక్కి నడుస్తుంది. సిగ్నల్ ముందుకు పోతుంటే గీత వెనక్కి పోయిందంటే ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

పట్టుకున్నాక ఏం చేయాలి? ఎఫ్ఎఫ్‌టీ పాయింట్లు పెంచే వీలుంటే పెంచండి. రెండో ఛానెల్ అనవసరంగా ఆన్‌లో ఉంటే ఆపేయండి, చాలా స్కోప్‌లలో అది శాంప్లింగ్ రేటుని సగం చేస్తుంది. పాయింట్లు పెరగకపోతే ప్రోబ్‌కీ సిగ్నల్‌కీ మధ్య మామూలు ఆర్‌సీ లో పాస్ ఫిల్టర్ పెట్టి పై హార్మోనిక్స్‌ని తగ్గించండి. స్కోప్‌లోని 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఇక్కడ ఆదుకోదు, మన హద్దు 164 కిలోహెర్ట్జ్ కదా. అదీ కాదంటే డేటాని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని కంప్యూటర్‌లో 10 లక్షల పాయింట్లకీ ఎఫ్ఎఫ్‌టీ చేయండి.

ఒక జాగ్రత్త. ఇలాంటి పవర్ సప్లైలో ప్రైమరీ వైపు ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ తగిలించకండి. ఆ క్లిప్ స్కోప్ ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటుంది, తగిలించగానే షార్ట్ అవుతుంది. అక్కడ కొలవాలంటే డిఫరెన్షియల్ ప్రోబ్ వాడాల్సిందే.

4. పనికి తగ్గ విండో పెట్టండి

రికార్డులో సైకిళ్లు పూర్ణసంఖ్యలో పడకపోతే మొదలూ చివరా అతకవు. ఆ అతుకు దగ్గర పుట్టే శక్తి స్పెక్ట్రమ్ అంతా పాకుతుంది. లీకేజ్ అంటే ఇదే. విండో ఆ రెండు చివర్లనీ మెల్లగా సున్నాకి దించి పాకుడు తగ్గిస్తుంది. బదులుగా గీతను వెడల్పు చేస్తుంది. ఏ విండో అయినా ఈ రెండింటి మధ్య బేరమే.

దగ్గరి గీతల్ని విడదీయడానికి హ్యాన్ చాలు. మెనూలో హ్యానింగ్ అని ఉన్నా అదే. ఏం వాడాలో తోచనప్పుడు కూడా ఇదే పెట్టండి. పెద్ద గీత నీడలో బాగా చిన్న గీత ఉందేమో చూడాలంటే బ్లాక్‌మన్ హ్యారిస్ మంచిది, దాని సైడ్‌లోబ్‌లు (గీతకి రెండు పక్కలా లేచే చిన్న గుబ్బలు) 90 డీబీకి పైగా కింద ఉంటాయి. ఒకే గీత ఎత్తు కచ్చితంగా కావాలంటే ఫ్లాట్‌టాప్.

ఎత్తు విషయంలో తేడా చిన్నది కాదు. సిగ్నల్ సరిగ్గా రెండు బిన్‌ల మధ్యలో పడితే రెక్టాంగులర్ విండో 3.9 డీబీ తక్కువ చూపిస్తుంది, అంటే 1 వోల్ట్ కాస్తా 0.64 వోల్ట్ అవుతుంది. హ్యాన్‌లో 1.4 డీబీ, బ్లాక్‌మన్ హ్యారిస్‌లో 0.8 డీబీ తగ్గుతుంది. ఫ్లాట్‌టాప్‌లో ఆ తప్పు డీబీలో వందో వంతుల్లోనే ఉంటుంది. కాబట్టి గీత ఎక్కడుందో హ్యాన్‌తో వెతికి, ఎంతుందో ఫ్లాట్‌టాప్‌తో చదవండి.

రెక్టాంగులర్ పనికిరానిదేం కాదు. రికార్డులోనే మొదలై రికార్డులోనే ముగిసిపోయే పల్స్‌కి అదే సరైనది. అలాంటి పల్స్ రికార్డు మొదట్లో ఉంటే హ్యాన్ దాన్ని దాదాపు తుడిచేస్తుంది.

5. డీబీ పక్కన ఏ అక్షరం ఉందో చూడండి

స్కోప్‌లు సాధారణంగా గీత ఎత్తుని ఆర్ఎమ్ఎస్‌లో చూపిస్తాయి. 1 వోల్ట్ పీక్ టు పీక్ సైన్ వేవ్ అంటే 0.354 వోల్ట్ ఆర్ఎమ్ఎస్, అంటే మైనస్ 9 డీబీవీ (1 వోల్ట్ ఆర్ఎమ్ఎస్‌తో పోల్చిన డీబీ). తెర మీద 0 రాలేదని ప్రోబ్ మీద అనుమానపడకండి.

డీబీఎమ్‌తో (1 మిల్లీవాట్‌తో పోల్చిన పవర్) ఇంకొంచెం చిక్కు. స్కోప్ 50 ఓమ్‌లు అనుకుని లెక్క కట్టేస్తుంది. ఇన్‌పుట్ 1 మెగాఓమ్‌లో ఉన్నా, కొలుస్తున్నది ఆంప్లిఫయర్ మధ్యలో ఏదో ఒక నోడ్ అయినా, దాని లెక్క అదే. అలాంటి చోట డీబీఎమ్ అనే మాటకే అర్థం లేదు, డీబీవీ వాడండి. 50 ఓమ్‌ల జనరేటర్‌ని నేరుగా 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌కి కలిపితే జనరేటర్ తెర మీద ఉన్నదానికన్నా 6 డీబీ ఎక్కువ కనిపించేదీ ఇందుకే, టర్మినేషన్ లేక వోల్టేజ్ రెట్టింపవుతుంది. స్కోప్‌ని 50 ఓమ్‌లకి మార్చేముందు సిగ్నల్ ఎంతుందో చూసుకోండి. ఆ ఇన్‌పుట్ హద్దు చాలా స్కోప్‌లలో 5 వోల్ట్ ఆర్ఎమ్ఎస్ మాత్రమే, దాటితే లోపలి రెసిస్టర్ కాలిపోవచ్చు.

స్కోప్ బ్యాండ్‌విడ్త్ కూడా లెక్కలోకి వస్తుంది. 100 మెగాహెర్ట్జ్ స్కోప్ అంటే 100 మెగాహెర్ట్జ్‌ల దగ్గర 3 డీబీ వరకు తక్కువ చూపించే హక్కు దానికుందని అర్థం. ఎత్తు నమ్మాలంటే అందులో మూడో వంతు దాటకండి.

6. నాయిస్ ఫ్లోర్‌ని చూసి మురిసిపోకండి

రికార్డు పొడవు పది రెట్లు చేస్తే నాయిస్ ఫ్లోర్ (గీతల అడుగున పరుచుకునే నాయిస్ మట్టం) 10 డీబీ కిందికి దిగుతుంది. స్కోప్ బాగుపడలేదు, ఒక్కో బిన్‌లోకి వచ్చే నాయిస్ తగ్గిందంతే. అందుకే "నాయిస్ మైనస్ 90 డీబీవీ" అని ఒక్క ముక్క చెబితే దానికి విలువ లేదు, బిన్ ఎంత, విండో ఏది అని కూడా చెప్పాలి. ఈ గుణాన్నే పరీక్షగా వాడుకోవచ్చు. రికార్డు పెంచినప్పుడు ఎత్తు మారకుండా నిలబడితే అది నిజంగా ఒక టోన్. ఫ్లోర్‌తో పాటు దిగిపోతే అది నాయిస్‌లో ఒక గుబురు.

8 బిట్ల ఏడీసీకి సిద్ధాంతం ప్రకారం వచ్చే సిగ్నల్ టు నాయిస్ నిష్పత్తి దాదాపు 50 డీబీ. పొడవైన రికార్డుతో ఫ్లోర్ ఇంకా చాలా కిందికి దిగుతుంది గానీ, ఏడీసీ సొంత వంకర్ల వల్ల పుట్టే గీతలు దానితో దిగవు. ఫండమెంటల్‌కి 60 డీబీ కిందున్న మూడో హార్మోనిక్‌ని చూసి ఆంప్లిఫయర్‌ని తిట్టేముందు అది స్కోప్‌దో, జనరేటర్‌దో తేల్చుకోండి.

ఆవరేజింగ్ రెండు రకాలు. స్పెక్ట్రమ్‌ల ఆవరేజ్ తీస్తే గడ్డిలా ఊగే ఫ్లోర్ నున్నగా అవుతుంది, దాని సగటు లెవెల్ దిగదు. వేవ్‌ఫామ్‌ల ఆవరేజ్ తీస్తే ఫ్లోర్ నిజంగానే దిగుతుంది, కానీ ట్రిగ్గర్‌తో కలిసి నడవనివన్నీ దాంతో పాటే మాయమవుతాయి. బయటి నుంచి దూరుతున్న ఇంటర్‌ఫియరెన్స్ కోసం వెతుకుతూ వేవ్‌ఫామ్ ఆవరేజింగ్ ఆన్ చేస్తే అసలుకే ఎసరు.

7. గీతను నిలదీయండి

టైమ్‌బేస్ పరీక్ష దాటిన గీతకి ఇంకో మూడు ప్రశ్నలు వేయండి.

ప్రోబ్ కొనని దాని గ్రౌండ్ క్లిప్‌కే తగిలించి, రెండింటినీ సర్క్యూట్ గ్రౌండ్ మీద ఒకే చోట పెట్టండి. గీత ఇంకా కనిపిస్తుంటే అది మీ సిగ్నల్‌లోంచి రావట్లేదు. గ్రౌండ్ వైరు చేసే లూప్ గాలిలోంచో, గ్రౌండ్ కరెంట్ల నుంచో దాన్ని పట్టుకుంటోంది. పొడవైన గ్రౌండ్ వైరుతో ఇంకో గొడవ కూడా ఉంది. 15 సెంటీమీటర్ల వైరుకి సుమారు 150 నానోహెన్రీల ఇండక్టెన్స్, ప్రోబ్ కొనకి 10 పీకోఫారడ్‌ల కెపాసిటెన్స్ అనుకుంటే, రెండూ కలిసి 130 మెగాహెర్ట్జ్‌ల దగ్గర రెజొనేట్ అవుతాయి. ఆ చుట్టుపక్కల గీతలన్నీ ఉబ్బి కనిపిస్తాయి. ప్రోబ్‌తో వచ్చే చిన్న స్ప్రింగ్ గ్రౌండ్ వాడితే ఇది చాలావరకు పోతుంది.

తర్వాత వోల్ట్స్ పర్ డివిజన్ ఒక మెట్టు మార్చండి. ఫండమెంటల్ అలాగే ఉండి హార్మోనిక్ మాత్రం ఎత్తు మారితే, అది స్కోప్ ఫ్రంట్ ఎండ్‌లోనో ఏడీసీలోనో పుట్టింది.

చివరిగా, గీత ఫ్రీక్వెన్సీకీ శాంప్లింగ్ రేటుకీ చుట్టరికం ఉందేమో చూడండి. వేగంగా శాంపిల్ చేయడానికి చాలా స్కోప్‌లు కొన్ని ఏడీసీలని వంతులవారీగా నడుపుతాయి. వాటి మధ్య చిన్న తేడాలున్నా నకిలీ గీతలొస్తాయి. నాలుగు ఏడీసీలతో సెకనుకి 1 గిగాశాంపిల్ తీస్తూ 70 మెగాహెర్ట్జ్ సిగ్నల్ కొలుస్తుంటే 180, 320, 430 మెగాహెర్ట్జ్‌ల దగ్గరా, సిగ్నల్‌తో సంబంధం లేకుండా 250 దగ్గరా వచ్చే చిన్న గీతలు ఈ బాపతే.

8. తెలిసిన సిగ్నల్‌తో ఒకసారి సరిచూసుకోండి

దీనికి వేరే పరికరం అక్కర్లేదు. స్కోప్ ముందుభాగంలోనే ప్రోబ్ కాంపెన్సేషన్ కోసం 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఉంటుంది. డివిజన్‌కి 10 మిల్లీసెకన్లు, ఫ్లాట్‌టాప్ విండో, డీబీవీ పెట్టండి. స్క్వేర్ వేవ్ పీక్ టు పీక్ వోల్టేజ్‌ని 0.45తో గుణిస్తే ఫండమెంటల్ ఆర్ఎమ్ఎస్ వస్తుంది. 3 వోల్ట్‌లకి 1.35 వోల్ట్, అంటే 2.6 డీబీవీ. మూడో హార్మోనిక్ దానికన్నా 9.5 డీబీ, ఐదోది 14 డీబీ, ఏడోది 17 డీబీ కింద ఉండాలి.

2 కిలోహెర్ట్జ్‌ల దగ్గర చిన్న గీత కనిపిస్తే కంగారు వద్దు, డ్యూటీ సైకిల్ సరిగ్గా 50 శాతం లేకపోతే అది నిజంగానే ఉంటుంది. పూర్ణ కిలోహెర్ట్జ్‌ల మీద కాకుండా మధ్యమధ్య చోట్ల సన్నటి గీతల వరస కనిపిస్తే మాత్రం మూడో అంచెకి తిరిగి వెళ్లండి, పై హార్మోనిక్స్ మడతపడుతున్నాయి. లెవెళ్లన్నీ ఒకే డీబీ తేడాతో తప్పితే ప్రోబ్ నిష్పత్తో, యూనిట్లో తప్పు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తప్పు పెరుగుతుంటే కాంపెన్సేషన్ స్క్రూ చూడండి.

ఇవన్నీ కుదిరాక స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు ఎఫ్ఎఫ్‌టీ అసలు శాంప్లింగ్ రేటు, పాయింట్లు, విండో పేరు, వోల్ట్స్ పర్ డివిజన్, ప్రోబ్ నిష్పత్తి, ఇన్‌పుట్ 50 ఓమ్‌లా 1 మెగాఓమా అన్నవి ఫైల్ పక్కనే రాసిపెట్టుకోండి. వీటిలో సగం తెర మీద కనిపించవు. ఆర్నెల్ల తర్వాత ఆ బొమ్మను ఇంకో కొలతతో పోల్చాల్సి వచ్చినప్పుడు మిగతా సగంతో పని జరగదు.